ముప్పై లైన్ల మెనూ

లైబ్రరీ మేనేజ్‌మెంట్, హాస్టల్ మేనేజ్‌మెంట్, స్టూడెంట్ మేనేజ్‌మెంట్... మన మినీ ప్రాజెక్టులన్నిటి ఆయుష్షూ వైవా అయిన సాయంత్రానికే తీరిపోతుంది. చేసినవాడే మళ్లీ వాటిని తెరవడు. నాదీ అంతే. సీనియర్ దగ్గర తీసుకుని, పేర్లు, రంగులు మార్చి సబ్మిట్ చేశాను. "ఈ ఫంక్షన్ ఏం చేస్తుంది బాబూ?" అని మేడమ్ అడిగితే స్క్రీన్ వైపు చూస్తూ నిలబడిపోయాను. మార్కులైతే వచ్చాయి. కానీ ఆ నిలబడటం ఇంకా మర్చిపోలేదు.

అందుకే చెప్తున్నా. ఈ మూడేళ్లలో నేను చేసిన అసలు ప్రాజెక్టు ఇయర్‌ఫోన్స్ కలపడానికి రాసుకున్న ముప్పై లైన్ల స్క్రిప్టే.

నాది అన్నయ్య వాడి ఇచ్చిన పాత ల్యాప్‌టాప్, 4 జీబీ ర్యామ్. తేలిగ్గా ఉంటుందని లినక్స్ మీద ఐత్రీ విండో మేనేజర్ పెట్టుకున్నాను. స్పీడుగానే ఉంటుంది కానీ, నొక్కగానే జాబితా చూపించే బ్లూటూత్ గుర్తు దానితో రాదు. ప్రతిసారీ టెర్మినల్ తెరిచి, బ్లూటూత్‌సీటీఎల్ అని కొట్టి, ఆరు జతల అంకెలూ అక్షరాలూ ఉన్న అడ్రస్ కాపీ చేసి, కనెక్ట్ అనాలి. వారం రోజులు చేశాక విసుగొచ్చింది.

స్క్రిప్టులో పెద్ద విద్యేమీ లేదు. బ్లూటూత్‌సీటీఎల్‌ని పరికరాల జాబితా అడిగితే ఒక్కో లైనులో అడ్రస్, పేరు ఇస్తుంది. పేర్లు మాత్రం కత్తిరించి పైప్ ద్వారా డీమెనూకి పంపాలి. ఎంచుకున్న లైనును అది తిరిగి ఇస్తుంది. దాని అడ్రస్ వెతికి కనెక్ట్ అనాలి, అంతే. ఒక ప్రోగ్రామ్ చెప్పింది ఇంకో ప్రోగ్రామ్ చెవిలో వేసే ఈ పైప్ 1973లోనే యూనిక్స్‌లోకి వచ్చింది. ఓఎస్ పరీక్షలో దాని మీద అయిదు మార్కుల జవాబు రాశాను. అర్థమైంది మాత్రం ఇప్పుడే.

పెయిర్, ట్రస్ట్, కనెక్ట్ ఒకటి కాదనీ ఇప్పుడే తెలిసింది. పెయిర్ ఒకసారి చేసే పరిచయం. ట్రస్ట్ పెడితే ఆ పరికరం ప్రతిసారీ అనుమతి అడగకుండా తనే వచ్చి కలవగలదు. కనెక్ట్ అంటే ఇప్పటికిప్పుడు కలవడం.

అసలు పాఠాలు వాడకంలో మొదలయ్యాయి. మెనూ తెరిచి, మనసు మారి ఎస్కేప్ నొక్కితే, ఖాళీ పేరు పట్టుకుని స్క్రిప్టు కనెక్ట్‌కి పరిగెత్తింది. మనిషి ఏమీ వద్దనుకోవచ్చు అన్న సంగతి నాకు తట్టనే లేదు. ఇంకోసారి నా పాట రూమ్మేట్ చెవిలో మోగింది. ఇద్దరివీ ఒకే మోడల్, ఒకే పేరు. ఎప్పుడో సరదాకి వాడివీ పెయిర్ చేశాను. పేరుతో వెతికితే రెండు అడ్రస్‌లు వచ్చాయి, స్క్రిప్టు మొదటిదాన్ని పట్టుకుంది. "రేయ్, ముందు నీ టేస్టు మార్చుకో, తర్వాత కోడు" అన్నాడు వాడు. డీబీఎంఎస్‌లో ప్రైమరీ కీ ఎందుకో ఆ రాత్రి తెలిసింది.

అప్పుడు అలియాస్ పెట్టుకున్నాను, తెలుగులోనే. నావి "నా చెవులు", వాడివి "వాడి చెవులు". డీమెనూలో ఒత్తులు, గుణింతాలు విడిపోయి కనిపించాయి. అక్షరాలను కలిపి పేర్చే పని అది చేయదు. రోఫీ ఆ పనికి పాంగో అనే లైబ్రరీని వాడుతుంది కాబట్టి అందులో సరిగ్గా వచ్చాయి. మన లిపి స్క్రీన్ మీద సరిగ్గా కనబడాలంటే దాని వెనక ఎవరో ఒకరు పని చేసి ఉండాలన్నది నాకు కొత్త సంగతి.

"రెడీమేడ్‌వి ఉన్నాయిగా, ఏఐని అడిగితే నిమిషంలో రాసిస్తుందిగా" అంటారు. నిజమే. నేనూ రెండుచోట్ల అడిగాను. అడగడం తప్పు కాదు. కానీ మా రూములో ఒకే పేరుతో రెండు జతలున్నాయని ఏఐకి ఎవరు చెప్పాలి? ఆ ఇబ్బంది పడినవాడే చెప్పాలి. ఒక అప్‌డేట్ తర్వాత పెయిర్ అయిన పరికరాల జాబితా అడిగే కమాండే మారిపోయి మెనూ ఖాళీగా వచ్చింది. హెల్ప్ చదివి, ఒక్క లైను మార్చాను. నాకు అర్థం కాని కోడు అయితే ఆ రోజే డిలీట్ చేసేవాణ్ణి.

డిపార్ట్‌మెంట్‌కి నా మనవి ఒక్కటే. మినీ ప్రాజెక్టుల్లో కనీసం ఒక్కటి విద్యార్థి తన కోసం రాసుకున్నది ఉండనివ్వండి. చిన్నదైనా సరే. వైవాలో "నెల రోజులు వాడావా? ఏం చెడింది? ఎలా బాగుచేశావు?" అని అడగండి. కొని తెచ్చిన ప్రాజెక్టుకి ఈ మూడు ప్రశ్నలకూ జవాబు ఉండదు.

మేడమ్ ఈసారి నా ముప్పై లైన్లలో ఏ లైను మీద వేలు పెట్టినా చెప్తాను. ఎస్కేప్ లైనైతే అడక్కుండానే చెప్తాను.