డ్యూటీ దిగాక మిగిలే పూట

దేశాలు తిరిగిన వ్యాయామ ప్రియులు ఒకచోట కలిస్తే మాటలు త్వరగానే పోలికల్లోకి దిగుతాయి. అమెరికాలో స్థిరపడ్డ తెలుగువారు అక్కడి నడకబాటలనూ, రాత్రంతా తెరిచి ఉండే జిమ్‌లనూ మెచ్చుకుంటారు. ఆ నోటితోనే, కారు ఎక్కనిదే పాలు కూడా తెచ్చుకోలేమని బాధపడతారు. గల్ఫ్‌లో ఉద్యోగం చేసి వచ్చినవారు ఎండను తిట్టి, ఏసీ హాళ్లను పొగుడుతారు. ఇక్రిశాట్ 1972లో పటాన్‌చెరులో వెలిసినప్పటి నుంచి ఎన్నో దేశాల శాస్త్రవేత్తలు ఇక్కడికి వచ్చి పనిచేశారు కనుక, ఇలాంటి పోలికలు ఈ ప్రాంతానికి కొత్తవీ కావు. అయితే చర్చ ఏ దారిన మొదలైనా చివరకు ఒకే తీర్పు దగ్గర ఆగుతుంది: వాళ్లకు క్రమశిక్షణ ఉంది, మనకు లేదు. ఈ తీర్పు తప్పు. దేశాల ఒంటి ఆరోగ్యాన్ని జిమ్‌ల సంఖ్యతోనో, ప్రొటీన్ డబ్బా ధరతోనో, పౌరుల పట్టుదలతోనో తూచడం మానుకోవాలి. ఎనిమిది గంటలో పన్నెండు గంటలో పనిచేసి డ్యూటీ దిగిన మనిషికి ఆ దేశం ఎంత సమయం, ఎలాంటి గాలి, ఎంత చోటు మిగులుస్తోందో చూడాలి. సంగారెడ్డి జిల్లాలో రామచంద్రాపురం నుంచి పాశమైలారం దాకా పరుచుకున్న పారిశ్రామిక ప్రాంతం ఈ కొలతకు సరైన పరీక్షా స్థలం.

ముందుగా అంకెల సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకుల అధ్యయనం ఒకటి 2024 జూన్‌లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చింది. దాని ప్రకారం 2022లో భారతీయ వయోజనుల్లో 49.4 శాతం మందికి చాలినంత శారీరక కదలిక లేదు. 2000లో ఇది 22.3 శాతమే. మహిళల్లో 57 శాతం, పురుషుల్లో 42 శాతం ఈ కోవలోకి వస్తున్నారు. ప్రపంచ సగటు 31 శాతం. వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ అన్నది ఇక్కడి గీటురాయి. పత్రికలన్నీ దీన్ని భారతీయుల బద్ధకంగా రాశాయి. కానీ ఈ సర్వేల్లో ఉద్యోగంలో చేసే బరువు పని, రాకపోకల నడక, తీరిక వేళ వ్యాయామం మూడూ ఒకే ఖాతాలో పడతాయి. అంటే పాశమైలారంలో పన్నెండు గంటలు డ్రమ్ములు దొర్లించి, బస్తాలు మోసిన కార్మికుడు ఈ లెక్కలో చురుకైన మనిషి. సాయంత్రం చెరువు కట్ట మీద అరగంట నడిచిన ఇంజినీరూ చురుకైన మనిషే. పేద దేశాలు కొన్ని ఈ పట్టికలో మెరుగ్గా కనిపించడానికి కారణం కూడా ఇదే: అక్కడ ప్రజలు వ్యాయామం చేస్తున్నారని కాదు, పొట్టకూటి కోసం ఎముకలు అరగదీసుకుంటున్నారని అర్థం.

ఆ రెండు శ్రమలూ ఒకటి కావని శాస్త్రం స్పష్టంగానే చెప్పింది. ఆండ్రియాస్ హోల్టర్‌మన్ బృందం డెన్మార్క్‌లో 1,04,046 మందిని దాదాపు పదేళ్లు పరిశీలించి 2021లో యూరోపియన్ హార్ట్ జర్నల్‌లో ఫలితాలు ప్రచురించింది. తీరిక వేళ వ్యాయామం చేసేవారిలో గుండెజబ్బులు, అకాల మరణాలు తక్కువగా తేలాయి. ఉద్యోగంలో భారీ శ్రమ చేసేవారిలో అవి ఎక్కువగా తేలాయి. పొగతాగడం, చదువు, ఆదాయం వంటి తేడాలను సర్దుబాటు చేసి చూసినా ఫలితం మారలేదు. పరిశోధకులు చెప్పే కారణం ఎవరికైనా అర్థమయ్యేదే. వ్యాయామంలో గుండె వేగం కాసేపు పెరిగి, తర్వాత ఒళ్లు విశ్రాంతి తీసుకుంటుంది. పనిలో ఆ విశ్రాంతి లేదు. గంటల తరబడి నిలబడటం, వంగడం, ఎత్తడం, రేపు మళ్లీ అదే. రక్తపోటు రోజంతా ఎక్కువగానే ఉంటుంది. కనుక ‘కూలి చేసేవాడికి వేరే కసరత్తు దేనికి, వాడి పనే కసరత్తు కదా’ అని మన మధ్య చలామణిలో ఉన్న వాదన నిలవదు. తీరిక వ్యాయామం అందరికంటే ఎక్కువ అవసరమైనది కార్మికుడికే. అది అందరికంటే తక్కువ దొరికేదీ అతనికే.

ఎందుకు దొరకదో చూద్దాం. ఇస్నాపూర్, ముత్తంగి, బొల్లారం బస్తీల్లో ఒకే అద్దె గదిలో నలుగురైదుగురు సర్దుకునే బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ కార్మికుల్లో అత్యధికులు కాంట్రాక్టు కింద ఉన్నవారు. పన్నెండు గంటల డ్యూటీ వారికి అసాధారణం కాదని కార్మిక సంఘాలు ఏళ్లుగా చెబుతున్నాయి. ఆ పన్నెండుకు రానూపోనూ ప్రయాణం, నీళ్లు పట్టుకోవడం, వంట, బట్టలు కలపండి. నిద్రకు ఏడు గంటలు తీయండి. మిగిలేది గంటో, గంటన్నరో. షిఫ్టు మారిన వారం అదీ ఉండదు. పనిచేసే మహిళల దగ్గరకు వస్తే ఆ గంట కూడా పిల్లలకూ పొయ్యికీ పోతుంది. 1948 ఫ్యాక్టరీల చట్టం రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలు దాటకూడదని, దాటితే రెట్టింపు వేతనం ఇవ్వాలని రాసింది. ఆ హద్దును గట్టిగా అమలు చేయాల్సిన ప్రభుత్వాలు దాన్ని జరుపుతున్నాయి. 2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం దుకాణాలు మినహా వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల పనికి అనుమతించింది. వారానికి 48 గంటల పరిమితి ఉంచినా, మూడు నెలలకు 144 గంటల వరకు ఓవర్‌టైమ్ (ఓటీ)కి దారి ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ కూడా ఆ సంవత్సరమే ఫ్యాక్టరీల్లో పది గంటల వైపు కదిలింది. డెన్మార్క్‌లో కార్మిక సంఘాల ఒప్పందాల ప్రకారం సాధారణ పని వారం 37 గంటలు. అక్కడి సైకిళ్లను చూసి ముచ్చటపడే మనవాళ్లు ఆ 37ను కూడా గుర్తుపెట్టుకోవాలి.

సమయం దొరికినా గాలి మాటేమిటి? వ్యాయామంలో మనిషి కూర్చున్నప్పటికంటే ఎన్నో రెట్లు గాలి పీలుస్తాడు. పటాన్‌చెరు-బొల్లారం ప్రాంతానికి 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సమగ్ర కాలుష్య సూచీలో 70.07 మార్కులు ఇచ్చి, దేశంలోని 43 తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేర్చింది. నక్కవాగు మంజీరలోకి మోసుకెళ్లిన రసాయనాలపై 1990లోనే సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. ఈ ప్రాంతపు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి వెలువడే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రకటిస్తే ప్రపంచం ఉలిక్కిపడింది. ఆ తర్వాత కొంత మెరుగు జరగలేదని అనను. అయినా రాత్రిపూట ఘాటు వాసనలపై అమీన్‌పూర్, బొల్లారం కాలనీల ఫిర్యాదులు ఆగలేదు. ‘పొద్దున్నే లేచి పరిగెత్తు’ అన్న సలహా ఇచ్చే ముందు, ఏ గాలిలో పరిగెత్తమంటున్నామో చెప్పాలి.

ఇక్కడొక అభ్యంతరం వస్తుంది: డెన్మార్క్ సంపన్న దేశం, దానితో మనకు పోలికేమిటని. సంపదతోనే ఇది వచ్చేదైతే దుబాయ్‌లో అందరికీ వచ్చేది. 2017 నుంచి ఆ నగరం ఏటా ముప్పై రోజులు, రోజుకు ముప్పై నిమిషాల వ్యాయామం పేరిట పెద్ద ఉత్సవం చేస్తోంది. షేక్ జాయెద్ రోడ్డు మీద వాహనాలు ఆపి జనం పరుగు తీస్తారు. చూడముచ్చటైన సంగతే. కానీ ఆ ఎమిరేట్ల భవనాలు కట్టిన కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల మనుషులు లేబర్ క్యాంపుల నుంచి బస్సుల్లో పనికి వెళ్లి బస్సుల్లోనే తిరిగి వచ్చారు. వారికి ప్రభుత్వం ఇచ్చిన ప్రధాన రక్షణ వేసవిలో మధ్యాహ్నం ఆరుబయట పని నిషేధం. మరోవైపు, ఏమంత ధనిక దేశం కాని కొలంబియా రాజధాని బొగోటా 1974 నుంచి ఆదివారాలు, సెలవు రోజుల్లో వీధులను కార్లకు మూసి నడిచేవారికీ సైకిల్ తొక్కేవారికీ వదులుతోంది. ఇప్పుడా దారుల పొడవు 120 కిలోమీటర్ల పైనే. జపాన్ 1928లో రేడియో సంగీతానికి అనుగుణంగా చేసే కొద్ది నిమిషాల కసరత్తు ప్రారంభించింది. యుద్ధానంతరం ఆగి, 1951లో మళ్లీ మొదలై ఫ్యాక్టరీలకూ నిర్మాణ స్థలాలకూ పాకింది. అయితే అదే జపాన్‌లో పని భారంతో మనుషులు చనిపోవడం ఒక జాతీయ సమస్యగా మారింది. షిఫ్టు మొదట్లో పది నిమిషాల కసరత్తు చేయించి, చివర్లో నాలుగు గంటలు లాక్కుంటే ఒళ్లు బాగుపడదు. మన యాజమాన్యాలు యోగా దినం నాడు చాపలు పరిచేటప్పుడు ఈ సంగతి ఆలోచించాలి.

నిజానికి పోలిక కోసం అంత దూరం పోనక్కర్లేదు. 1960ల్లో రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ వచ్చినప్పుడు ఫ్యాక్టరీతో పాటు టౌన్‌షిప్ వచ్చింది. చెట్ల నీడన రోడ్లు, ఆట మైదానాలు, బడులు, ఆసుపత్రి వచ్చాయి. 1984లో ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం పెట్టినప్పుడూ ఉద్యోగులకు కాలనీ కట్టారు. అప్పటి దేశం ఇప్పటికంటే ఎంతో పేదది. ఫ్యాక్టరీ అంటే షెడ్డు మాత్రమే కాదు, అందులో పనిచేసే మనిషి బతుకు కూడా అని ఆనాటి ప్రణాళికకర్తలు అనుకున్నారు, అంతే. ఆ టౌన్‌షిప్ కూడా అందరిదీ కాలేదన్నది నిజం. ఆ గేట్ల లోపలే పనిచేసే కాంట్రాక్టు కార్మికుడికి క్వార్టర్ దక్కలేదు. అయినా ఆ నమూనా ఇక్కడే, మన కళ్లముందే ఉంది. తర్వాత వచ్చిన ప్రైవేటు ఎస్టేట్లలో ప్లాట్లకు, రోడ్లకు, కరెంటుకు లెక్క కట్టాం. నడకకు, ఆటకు కట్టలేదు. 2023 అక్టోబరు 1న ఔటర్ రింగు రోడ్డు వెంట సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ప్రారంభమైంది. దాని ఒక కొస సంగారెడ్డి జిల్లా కొల్లూరు. మంచి పని, తప్పుపట్టేందుకేమీ లేదు. కానీ ఆ కొస నుంచి కొద్ది కిలోమీటర్లలో ముత్తంగి, అక్కడి నుంచి పాశమైలారం. సరదాకు కాక బతుకుతెరువుకు సైకిల్ తొక్కే మనుషులు అక్కడ లారీల పక్కన ప్రాణాలు అరచేత పట్టుకుని 65వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్తున్నారు. ట్రాక్ వాళ్ల దాకా రాలేదు.

కార్మికులే ఓటీ అడుగుతున్నారు కదా అని యజమానులు అంటారు. అడుగుతున్నారు, నిజమే. ఎనిమిది గంటల జీతంతో ఇంటికి డబ్బు పంపలేకపోవడమే ఆ అడగడానికి కారణం. తెలంగాణలో కనీస వేతనాల సవరణ ఏళ్ల తరబడి వాయిదాల మీద నడిచింది. 2021లో జీవోలు వెలువడీ గెజిట్‌కు ఎక్కక అమలుకు నోచుకోలేదు. బేసిక్ పెంచకుండా ఓటీని కార్మికుడి ఇష్టంగా చూపడం న్యాయం కాదు. సంకల్పం ఉంటే అన్నీ సాధ్యమన్నది ఇంకో వాదన. పేద ఇంట పుట్టిన మాలావత్ పూర్ణ పదమూడేళ్లకే, 2014 మే 25న, ఎవరెస్ట్ ఎక్కలేదా అంటారు. ఆ అమ్మాయి సంకల్పానికి ఎంత మొక్కినా తక్కువే. కానీ ఆమె వెనుక సాంఘిక సంక్షేమ గురుకులం ఉంది. తిండి, శిక్షణ, శిక్షకుడు, ఖర్చు, అన్నిటికీ మించి రోజులో సమయం, ఆ సంస్థ ఇచ్చినవే. ఆమె కథ రుజువు చేసేది సంస్థల విలువను.

ప్రాణానికే భరోసా లేనిచోట వ్యాయామం మాట విలాసం కాదా అన్నది అన్నిటికంటే బరువైన ప్రశ్న. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి కర్మాగారంలో జరిగిన పేలుడు 40 మందికి పైగా కార్మికులను బలి తీసుకుంది. అక్కడ తయారయ్యేది మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్. మందుబిళ్లలకు, విటమిన్ మాత్రలకు ఆకారం నిలిపే తెల్లని పొడి అది. ఇలాంటి పొడులు దేశాలు దాటి, ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్నవారి ఇళ్లకు చేరతాయి. కాబట్టి లోకమంతటి ఫిట్‌నెస్‌తో ఈ ప్రాంతానికి ఉన్న బంధం మాటవరసకు చెప్పేది కాదు. భద్రత ముందా, వ్యాయామం ముందా అన్న ప్రశ్నకు నా జవాబు: రెండూ ఒకే మూలం నుంచి వచ్చేవి. మనిషిని గంటల లెక్కన కొనుక్కునే సరుకుగా చూసే చోట భద్రతా ఉండదు, తీరికా ఉండదు. పైగా నిద్ర చాలని, ఒళ్లు అలిసిన మనిషికి యంత్రం దగ్గర పొరపాటు జరిగే అవకాశం ఎక్కువ.

అందుకే ఈ జిల్లాలో ఫిట్‌నెస్ విధానం అంటూ ఒకటి ఉండాలంటే అది క్రీడల శాఖ దగ్గర కంటే ముందు కార్మిక శాఖ దగ్గర మొదలవ్వాలి. ఎనిమిది గంటల డ్యూటీని కాంట్రాక్టు కార్మికులకు కూడా అమలు చేసి, ఓటీ రికార్డులను తనిఖీ చేసి బయటపెట్టాలి. పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ ప్రతి ఎస్టేటులో ఒక మైదానానికి, చెట్లున్న నడకబాటకు స్థలం విడిచిపెట్టాలి. భూమి ఖరీదంటారేమో, పరిశ్రమలకు ఎకరాలకు ఎకరాలు కేటాయించిన సంస్థకు రెండెకరాలు దొరకవంటే నమ్మలేం. బీహెచ్‌ఈఎల్ నుంచి సంగారెడ్డి వైపు జాతీయ రహదారిని విస్తరిస్తున్న ఈ దశలోనే సైకిళ్లకు విడిగా దారి వేయాలి. గాలి నాణ్యతను గంటగంటకూ ఫ్యాక్టరీ గేట్ల దగ్గర బోర్డుల మీద చూపాలి. కొల్లూరు ట్రాక్ మీద తెల్లవారుజామున సైకిళ్లు తొక్కే మిత్రులకు ఒక విన్నపం: మీ మాటకు అధికారుల దగ్గర విలువ ఉంది. ఆ ట్రాక్‌ను పటాన్‌చెరు మీదుగా పాశమైలారం దాకా పొడిగించమని మీరే మొదట అడగండి.