మోకాలిమిట్ట మీద ఆయాసం

అలిపిరి నుంచి తిరుమలకు సాగే మూడున్నర వేల మెట్ల దారిని గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవారు ఎక్కవద్దని తిరుమల తిరుపతి దేవస్థానం సూచిస్తూ, 1500వ మెట్టు, గాలిగోపురం, భాష్యకార్ల సన్నిధి వద్ద వైద్య సహాయం కూడా ఏర్పాటు చేసింది. సూచన మంచిదే గాని, తన గుండెలో జబ్బుందని తెలిసినవాడికే అది పనికొస్తుంది. బృహద్ధమని కవాటానికి సున్నం పట్టినవారిలో చాలామందికి ఆ సంగతే తెలియదు.

ఎడమ జఠరిక నుంచి ఒళ్లంతటికీ రక్తం వెళ్లే ద్వారానికి కాపలాగా ఉండే మూడు రేకుల పొరే ఈ కవాటం. ఆరోగ్యంగా ఉన్నప్పుడు మూడు, నాలుగు చదరపు సెంటీమీటర్ల మేర తెరుచుకునే ఆ ద్వారం, రేకుల్లో కాల్షియం గడ్డకట్టి ఒక చదరపు సెంటీమీటరు కంటే ఇరుకైతే జబ్బు తీవ్రమైనట్టే. గుండె కండరం మందమెక్కి ఎలాగో నెట్టుకొస్తుంది కనుక కూర్చున్నంతసేపూ ఏమీ తెలియదు. ఆ మెట్లదారిలోని మోకాలిమిట్ట ఎక్కేటప్పుడు కాళ్లు మరింత రక్తం అడిగినా ద్వారం పెద్దది కాదు కాబట్టి ఆయాసం, ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం అక్కడే బయటపడతాయి. వాటిని వయసు మీదికి నెట్టేయడం ప్రమాదకరం, ఎందుకంటే లక్షణాలు మొదలయ్యాక కవాటం మార్చని రోగుల్లో దాదాపు సగం మంది రెండు మూడేళ్లకు మించి బతకరు.

కవాటానికి సున్నం పట్టే ఈ పాపాన్ని రాగిసంగటికి అంటగట్టేవారూ ఉన్నారు. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్న మాట నిజమే, కానీ రక్తంలో దాని పాళ్లను పారాథైరాయిడ్ గ్రంథి, విటమిన్ డి గట్టి అదుపులో ఉంచుతాయి. అసలు కారణం దెబ్బతిన్న కణజాలం: రక్తపోటు, మధుమేహం, పొగాకు, చెడు కొవ్వు వల్ల వాపెక్కిన చోట కొన్ని కణాలు ఎముక కణాల్లా ప్రవర్తించడం మొదలుపెడతాయి. మూత్రపిండాలు చెడి ఫాస్ఫేటు పెరిగినవారిలో ఇది మరీ వేగం. పుట్టుకతోనే రెండు రేకుల కవాటం ఉన్నవారికి, అంటే నూటికి ఒకరిద్దరికి, ఈ ముప్పు నడివయసులోనే వస్తుంది.

కాల్షియం కవాటంలోనే కాదు, ధమనుల్లోనూ పేరుకుంటుంది. గుండెకు రక్తం అందించే ధమనుల్లోని ఆ కాల్షియాన్ని సీటీ స్కానుతో లెక్కగట్టే పద్ధతిని 1990లో అగాట్‌స్టన్ బృందం ప్రకటించింది. ఆ లెక్క సున్నా వస్తే రానున్న కొన్నేళ్లకు గుండెపోటు ముప్పు తక్కువ, 400 దాటితే ఎక్కువ. అయితే స్టాటిన్ మాత్రలు మెత్తని కొవ్వు పూతను గట్టిపరుస్తాయి కాబట్టి, ముప్పు తగ్గుతున్నా అంకె పెరగవచ్చు. ఏటా ఈ స్కాను తీయించుకుని బెంబేలెత్తడం దండగ. కవాటం విషయంలో ఆ మాత్రలూ పనిచేయవని పరీక్షల్లో తేలింది. మిగిలింది కవాటం మార్పిడే: ఛాతీ తెరిచి గానీ, 2002లో ఫ్రాన్సులో అలెన్ క్రిబియే తొలిసారి చేసినట్టు రక్తనాళం గుండా గానీ.

దేవస్థానమే నెలకొల్పిన స్విమ్స్ ఆసుపత్రి 1993 నుంచి కొండ కిందే ఉంది. కానీ అక్కడికి పంపాలంటే ముందు జబ్బు పట్టుబడాలి. ఖరీదైన స్కాను ప్యాకేజీల కంటే ముందు కుప్పం, పలమనేరు పల్లెల్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో అరవై దాటిన ప్రతివారి ఛాతీ మీదా స్టెతస్కోపు పెట్టాలి. ఇరుకైన కవాటం గుండా దూసుకెళ్లే రక్తం చేసే గరగర శబ్దం చాలాసార్లు చెవికే దొరుకుతుంది. అనుమానమొస్తే ఎకో పరీక్ష నిర్ధారిస్తుంది.