నోటి మాట చాలదు, షరతు రాయించండి

పల్నాడులో పిల్లలు బతుకుతెరువు కోసం ఊరు విడిచి వెళ్ళాక, నాపరాళ్ళ ఇంట్లో ఒంటరిగా మిగిలిన పెద్దలు ఎందరో ఉన్నారు. అలాంటి ఒక వృద్ధురాలిని ఊహించుకోండి. పక్కింటి స్నేహితురాలే ఆమెకు రెండు పూటలా అన్నం పెడుతుంది, ఆసుపత్రికి తీసుకెళుతుంది. "చెల్లీ, ఈ ఇల్లు నీకే ఇస్తాను. నేను కన్నుమూసేదాకా చూసుకో" అంటుంది పెద్దావిడ. "అలాగే ఆపా" అంటుంది ఈమె. ఇద్దరి మనసూ మంచిదే. చిక్కల్లా ఒప్పందం నోటి మాటగానే మిగిలిపోవడం.

ఇస్తున్నానని చెప్పడం, పుచ్చుకోవడం, స్వాధీనం చేయడం - ఈ మూడూ జరిగితే ముస్లింల హిబా చెల్లుతుంది. దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2011లో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన కేసులోనే చెప్పింది. పైగా హిబాకు తగిలించిన షరతు నిలవదు, హిబా మాత్రం నిలుస్తుందన్న సూత్రం హనఫీ ఫిఖ్హ్‌లో ఉంది. అంటే ఇల్లు ఇవ్వడం తేలిక, తిరిగి పొందడమే కష్టం. రేపు ఆ స్నేహితురాలే మంచాన పడితే? ఆమె కొడుకులు ఇల్లు అమ్మజూపితే?

2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 23వ సెక్షన్ ఇక్కడ అక్కరకొస్తుంది. 60 ఏళ్ళు నిండినవారు తమను చూసుకోవాలన్న షరతుతో ఆస్తి ఇచ్చాక, తీసుకున్నవారు మాట తప్పితే ఆ బదిలీని రద్దు చేయించవచ్చు. తీసుకున్నవారు కన్నబిడ్డలే కానక్కరలేదు. అయితే షరతు ఉన్నట్లు రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది. 2025లో ఒక తల్లి కేసులో కొడుకు రాసిచ్చిన హామీ పత్రాన్ని కూడా లెక్కలోకి తీసుకుని గిఫ్టు డీడును రద్దు చేసింది. ఇలాంటి ఫిర్యాదులు వినే ట్రిబ్యునల్‌కు ఆర్డీవోయే అధ్యక్షుడు. మాచర్ల వారికి గురజాల, నరసరావుపేట వారికి తమ ఊరే.

ఇల్లు తన పేరనే ఉంచుకుని వసియ్యత్ రాయడం మరో దారి. కానీ వారసులు ఒప్పుకోకపోతే, పరాయివారికి ఆస్తిలో మూడో వంతు వరకే అది చెల్లుతుంది. కాబట్టి ముందుగా ఒక ఆలిమ్‌నూ, ఒక వకీలునూ సంప్రదించాలి.

"స్నేహితుల మధ్య కాగితమేమిటి?" అని కొందరు నొచ్చుకుంటారు. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని ఖుర్‌ఆన్ (2:282) ఆదేశించింది. అప్పుకే అంత జాగ్రత్త చెబితే, తల దాచుకునే గూడుకు ఎంత కావాలి? తీసుకునేవారికీ ఆ కాగితం మేలే. ముసలామెను మాయచేసి ఇల్లు రాయించుకుందన్న నింద రేపు వారసుల నుంచి రాకుండా కాపాడేది అదే. నిజంగా సేవ చేయదలచినవారు "ముందు షరతు రాయించండి" అని తామే అడగాలి.