పక్షులకు పండుగ సరే, యానాదుల మాటేమిటి?

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట దీవికి పోయే రోడ్డుకు రెండు పక్కలా పులికాటు సరస్సే. వానకాలం పోయి చలి మొదలైతే లోతు లేని ఆ నీళ్లలో ఫ్లెమింగోలు బారులు తీరుతాయి. దగ్గరలోని నేలపట్టు చెరువులో కడప చెట్ల మీద గూడబాతులు పిల్లలను లేపుతాయి. వీటి కోసమే 2001లో ఫ్లెమింగో పండుగ మొదలైంది. రాకెట్టు ఎగరడం చూడడానికి 2019లో దీవిలో గ్యాలరీ కూడా కట్టారు. జనం బస్సులు కట్టుకుని వస్తున్నారు, సంతోషమే.

అయితే రాకెట్ల కన్నా చాలా ముందు ఆ దీవిలో మనుషులున్నారు. వారు యానాదులు. అడవిలో తేనె, దుంపలు, మూలికలు తెచ్చుకుని, సరస్సులో చేపలు, పీతలు పట్టుకుని బ్రతికినవారు. ఏ ఆకు ఏ జబ్బుకో, ఏ పుట్టలో ఏ పాముందో వారినే అడగాలి. నెల్లూరు జిల్లావారే అయిన వెన్నెలకంటి రాఘవయ్య 1962లోనే వారి మీద ఇంగ్లీషులో పుస్తకం రాశారు. 1969లో దీవిని రాకెట్ల కేంద్రానికి ఎంపిక చేశాక ఊళ్లు లేచిపోయాయి, అడవి కాపలాలోకి పోయింది. కాపలా వల్ల దేవాంగపిల్లి వంటి ప్రాణులకు నీడ దొరికింది, కాదనలేము. తేనె పట్టిన చేతులకు మాత్రం కూలిపని మిగిలింది.

పక్షులను చూపించే పని వీరికే ఎందుకు ఇవ్వకూడదు? చదువు లేదని అధికారులు అనవచ్చు. సరస్సు చూపడానికి కావలసింది సర్టిఫికెట్టు కాదు గదా! వచ్చే పండుగకు పది మంది యానాది యువకులను రోజు కూలి మీద పెట్టి చూడవచ్చు. అయ్యే ఖర్చు షామియానాల అద్దెకు మించదు.