సన్మానపు శాలువయు, మన గొంగడియు

మన తెలుగు సంఘముల వార్షికోత్సవములలో తప్పని తంతు ఒకటి కలదు. ప్రార్థన ముగియును, కార్యదర్శి నివేదిక చదువును, పిమ్మట ముఖ్య అతిథిని వేదిక నడుమకు పిలిచి శాలువ కప్పుదురు. ఛాయాగ్రాహకుడు సిద్ధముగా లేనిచో రెండవ మారు కూడ కప్పుదురు. ఆ శాలువ అతిథిగారి యింటికి పోయి, బీరువాలో కొంత కాలము విశ్రమించి, మరియొక సభలో మరియొక పెద్దమనిషి భుజముల నెక్కును. దానిని ధరించి వీధిలో నడచిన వారిని చూచుట అరుదు. ఏలయన అది ధరించుటకు నేసినది కాదు, కప్పుటకు మాత్రమే నేసినది.

ఇది నవ్వి ఊరకుండదగిన సంగతి కాదు. ఆ బట్టను ఒక మారు చేతితో పట్టి చూడుడు. చాలవరకు అది పాలియెస్టరు. అంచున మెరయు జరీ యనునది లోహపు పూత పూసిన ప్లాస్టికు పొర. నేసినవాని పేరు దానిపై లేదు, నేసిన ఊరి పేరు లేదు. సోలాపురములో, బళ్లారిలో, బరంపురములో, హోసూరులో, యానాములో తెలుగు నుడిని తెలుగు నడవడిని నిలుపుకొనుటకై సంఘములు పెట్టుకొన్న మనము, మన పెద్దలను గౌరవించుటకు ఎన్నుకొన్న వస్త్ర మిది! ఈ ఎన్నికను నేను తప్పుపట్టుచున్నాను. దాని స్థానమున గొంగడి రావలెనని కోరుచున్నాను.

గొంగడి యనగానే కొందరు ముఖము చిట్లించుకొందురని ఎరుగుదును. ఎక్కడ వేసిన గొంగళి అక్కడనే యున్నదను సామెత మన యిండ్లలో బిడ్డలకు సైతము తెలియును. గొంగట్లో తినుచు వెంట్రుక లేరుట యననేమో కూడ తెలియును. గొంగడిని మాత్రము వారిలో పెక్కురు కన్నులార చూడలేదు. సామెత మిగిలినది, వస్తువు పోయినది. భాష నిలిచినచో చాలునని తలచువారు దీనిని గురించి కొంచెము యోచింపవలెను.

ఆ వస్తు వెట్టిదో చెప్పెదను. దక్కను పీఠభూమిలో, అనగా తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్రముల మెట్టనేలలలో మేయు దక్కని గొర్రె ముతక ఉన్ని నిచ్చును. ఏడాదికి రెండు మారులు కత్తిరింతురు. ఒక గొర్రె సంవత్సరమంతయు నిచ్చు ఉన్ని కిలోకు లోపే. నల్లగొర్రె నుండి నలుపు, బూడిదవన్నె గొర్రె నుండి బూడిదవన్నె. అద్దకపు తొట్టితో పని లేదు, రంగునీరు కాలువలో కలియుట లేదు. ఆ ఉన్నిని ఏకి, స్త్రీలు రాట్నముపై వడుకుదురు. పడుగునకు చింతగింజల గంజి పట్టింతురు. మన యిండ్లలో పారవేయు చింతగింజ అచ్చట నూలుకు బలమిచ్చుచున్నది. పిమ్మట గుంట మగ్గముపై నేతురు. ఈ పనిలో విద్యుత్తు లేదు, దూరదేశపు సరకు లేదు, నేలలో కలియని పదార్థము లేదు. చిరిగి చివికిన గొంగడిని చేనిలో పడవేసిన అదియు ఎరువగును. పాలియెస్టరు శాలువ అట్లు చివుకదు, ఉతికిన ప్రతి మారు కంటికి కానరాని పోగులను నీటిలోనికి విడుచును.

గొంగడి వానను ఓర్చుకొనుటలో మాయ లేదు. ఉన్నికి సహజమైన జిడ్డు కలదు, అది నీటిని జార్చును. లోపలి పోగు తన బరువులో మూడవ వంతు దాక తేమను పీల్చుకొనియు పైకి తడిసినట్లు తోచదు. పాలియెస్టరు నూటికి ఒక పాలైనను పీల్చదు. నిప్పురవ్వ పడిన ఉన్ని మాడి నుసియగును. పాలియెస్టరు సుమారు 260 డిగ్రీల వేడికి కరగి చర్మమున కంటుకొనును. పగలు గొడుగు, రాత్రి పడక, చలిలో దుప్పటి, మందలో ఈనిన పిల్లకు ఊయెల, ఇన్ని పనులు చేయు వస్త్రమునకు నాగరికత లేదనుట, అన్ని పనులకును పనికిరాని దానికి నాగరికత కలదనుట విడ్డూరము కాదా?

మనవంటి వారికి, అనగా ఒక నాలుకతో ఇంట, మరియొక నాలుకతో వీధిలో బ్రదుకు వారికి, గొంగడి తగినట్లు మరియొక వస్త్రము తగదు. మనకు గొంగడి, మరాఠీలో ఘోంగడీ, కన్నడమున కంబళి. తెలంగాణములో కురుమలు, కర్ణాటకమున కురుబలు, మహారాష్ట్రములో ధనగరులు, వృత్తి ఒకటే. మన బీరప్ప అక్కడ బిరోబా. కొమురవెల్లి మల్లన్న జెజూరిలో ఖండోబా, కర్ణాటకమున మైలారుడు. ఒగ్గుకథలో ఏ మల్లన్నను కీర్తింతురో, ఆయన పేర మూడు భాషలలో భక్తులు కంబళి భుజమున వేసికొందురు. పొరుగువారి ఎదుట మన ప్రత్యేకతను చాటుటకు వెదకి వెదకి కోటప్పకొండ ప్రభను, కూచిపూడి వేషమును తెచ్చుకొందుము, మంచిదే. పొరుగువారికిని మనకును ఉమ్మడియైన దానిని కూడ ఒక మారు వేదిక కెక్కించిన నష్టమేమి?

ఇక ఈ వృత్తి ఎట్లు క్షీణించినదో చూతము. మాంసమునకు ధర పెరిగినది, ఉన్నికి తగ్గినది. నెల్లూరు జాతి గొర్రె ఎత్తరి, మాంసపుది, దానికి ఉన్ని లేదు. (అదియు మనదే, దానిని నిందింపను.) దక్కని మందలలో నెల్లూరు పొట్టేళ్లను కలిపినకొలది ఉన్ని తరిగినది. తెలంగాణ ప్రభుత్వము 2017లో ఆరంభించిన గొర్రెల పంపిణీ పథకమున 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇతర రాష్ట్రముల నుండి కొని పంచినారు. పథకపు లెక్క గొర్రెల సంఖ్యలో నడచినది గాని ఉన్నితో దానికి పని లేకపోయెను. నేడు అనేక చోట్ల కాపరి కత్తిరింపు కూలి తానే యిచ్చుకొని, దిగిన ఉన్నిని దిబ్బపై పారవేయుచున్నాడు. ఆతనిని తప్పుపట్టుటకు మన కెవరికి హక్కున్నది? కొనువాడు లేని సరకును ఎవడు దాచుకొనును?

చట్టము లేక కాదు. చేనేతకే కొన్ని వస్తువులను కేటాయించుచు 1985లో పార్లమెంటు చేసిన చట్టము కలదు. ఆ పట్టికలో చీర, ధోవతి మాత్రమే కాక, నిర్ణయించిన రకముల కంబళ్లు, శాలువలు కూడ ఉన్నవి. 2015 నుండి ఆగస్టు 7ను జాతీయ చేనేత దినముగా జరుపుచున్నారు. 2020లో అఖిల భారత చేనేత మండలిని రద్దు చేసినారు. ఉత్సవము నిలిచినది, మండలి పోయినది!

మనవారు చెప్పు అభ్యంతరములు నాకు తెలియును. గ్రుచ్చుకొనునందురు. గ్రుచ్చుకొనును. ఆస్ట్రేలియా మెరినో ఉన్నివలె అది మెత్తన కాదు, ఆ పనికి పుట్టినదియు కాదు. చొక్కా మీద వేసికొన్నదానికి, నేలపై పరచుకొన్నదానికి ఆ మెత్తదన మేల? సన్మానపు శాలువను ఎవరు ఒంటికి తగులనిత్తురు గనుక? గొంగడిని చూడకయే అందలి వెంట్రుకల నెన్నుట సామెతకు కూడ అందని చోద్యము.

కాని అసలు అభ్యంతరము అది కాదు. గొంగడి గొర్రెలు కాయువాని బట్ట. దానిని న్యాయవాదికి, వైద్యునికి, శాసనసభ్యునికి కప్పిన చిన్నబుచ్చినట్లగునను భయము. ఈ మాట సభలో ఎవరును అనరు, కార్యవర్గమున మెల్లగా అందురు. ఊరు విడిచి తరములు గడచినను కులపు మెట్ల లెక్క మూటలో భద్రముగా తెచ్చుకొన్నాము, మగ్గమును మాత్రము అచ్చటనే విడిచినాము. నేయువారి కులము చేత బట్టకు తక్కువదనము కలుగునని నమ్మువారు తెలుగు సంస్కృతిని గురించి ఉపన్యసించునపుడు ఏ తెలుగువారిని తలంచుచున్నారో నాకు తెలియదు.

ఒక అభ్యంతరము మాత్రము బలమైనది. సోలాపురమునకు, భివండికి తెలంగాణమునుండి వలస వచ్చిన పద్మశాలీలలో వేలాది కుటుంబములు మరమగ్గములపై బ్రదికినవి. మరమగ్గపు బట్టను తిరస్కరించిన మనవారి కడుపు కొట్టినట్లు కాదా యని అడుగుదురు. మరమగ్గపు కార్మికుని కష్టము నాకు శత్రువు కాదు. సోలాపురపు చద్దరు నూలుది, దానికి ఊరు పేరు కలదు, భౌగోళిక గుర్తింపు కలదు. దానిని కప్పుడు, సంతోషింతును. నేను వలదనునది ఊరును పేరును లేని ప్లాస్టికు మెరుపును. అది సోలాపురపు మగ్గమునకును మేలు చేయుట లేదు.

ఇటీవల నగరములలో నిదాన ఫ్యాషను పేరిట కొన్ని దుకాణములు వెలసినవి. గొంగడిని కోసి సంచులుగా, చెప్పులుగా కుట్టి అమ్ముచున్నారు. ఉన్ని దిబ్బపాలగుటకంటె ఇది మేలే. అయినను కొనువారు ఒక ప్రశ్న వేయవలెను: వడికిన అవ్వకు ఎంత ముట్టినది? మగ్గము నిలిచినను రాట్నము ఆగుచున్నది. వడుకు కూలి చాలక పడుచువారు ఆ పనికి రాక, ముసలివారి చేతులతోనే అది ముగియు స్థితిలో నున్నది. ఖరీదైన సంచిలో ఆ కూలి పెరుగనిచో ఆ నిదానము కొన్నవాని సరదాయే గాని నేసినవాని బ్రదుకు కాదు.

యానాము ఉక్కకు గొంగడి తగదని అక్కడివారు నవ్వవచ్చును. వారికి ఉప్పాడ జాందానీ ఎంతో దూరము కాదు. బరంపురము వారికి తమ ఊరి పట్టు మగ్గములే యున్నవి. మెట్టనేలలలో నున్న సంఘములు మాత్రము గొంగడిని విడువరాదు.

ఇందులో చిన్న చిక్కు కలదు. ఉన్ని ఏడాదికి రెండు మారులే దిగును, నేత తొందరపడదు. ఉగాది సభకు కావలసిన గొంగళ్లను పది దినముల ముందు అడిగిన దొరకవు. దసరా నాటికే బయానా ఇచ్చి, నేతగాని పేరు వ్రాయించి ఉంచవలెను. కనుక వచ్చు కార్యవర్గ సమావేశమున సన్మానపు పద్దు చర్చకు వచ్చినపుడు, గత ఏడాది శాలువల రసీదును సభ ముందుంచుమని కోశాధికారిగారిని సభ్యులు కోరవలెను. అవి ఎవరు నేసినవో అందు వ్రాసియున్నదేమో చదివి చూడవలెను.