పాతబస్తీ వంశాలు: డీఎన్‌ఏ చెప్పేదెంత?

చాంద్రాయణగుట్ట దాటగానే వచ్చే బార్కాస్‌లో ఇప్పటికీ హోటళ్లలో హరీస్ ఉడుకుతుంది, మగవాళ్లు గళ్ల లుంగీల్లో బజారుకొస్తారు, పేర్ల మధ్యలో ‘బిన్’ వినిపిస్తుంది. చావూష్‌లని పిలిచే ఈ కుటుంబాల పెద్దలు నిజాం సైన్యంలో కొలువు కోసం యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చారు. వారిలో ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ ఇక్కడ జమాదారుగా చేసి, సంపాదించిన డబ్బుతో, పలుకుబడితో స్వదేశంలో ఏకంగా ఒక రాజ్యానికే పునాది వేశారు. ముకల్లా రాజధానిగా ఆ వంశం ఏలుబడి 1967 దాకా సాగింది.

ఇంత చరిత్ర ఉన్నచోట ‘మా మూలం ఎక్కడ’ అన్న కుతూహలం సహజం. గొట్టంలో ఉమ్మి నింపి పంపితే చాలు, కొన్ని వారాల్లో శాతాలతో సహా రంగుల పటం చేతికిస్తామని కంపెనీలు ఊరిస్తున్నాయి. జేబులో చెయ్యి పెట్టేముందు ఆ పటం ఏ ప్రశ్నకు జవాబో చూసుకోవాలి.

అరబ్బు సిపాయిల్లో చాలామంది ఒంటరిగా వచ్చి ఇక్కడి స్త్రీలను పెళ్లాడారు. ఇళ్లలో దాచుకున్న షజ్రాల్లో, అంటే వంశవృక్షాల్లో, తండ్రి, తాత, ముత్తాత వరసగా ఉంటారు. దక్కన్ ముత్తవ్వల పేర్లకు వాటిలో చోటు తక్కువ. వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వెళ్తుంది కనుక దాని పరీక్ష మహా అయితే షజ్రా నడిచిన బాటలోనే నడుస్తుంది. మైటోకాండ్రియా డీఎన్‌ఏ తల్లి నుంచి వస్తుంది. కాగితం మరిచిన ఆడవాళ్ల జాడ కొంతైనా దొరికేది అందులోనే. అదీ అమ్మ, అమ్మమ్మ, ఆమె అమ్మ అన్న ఒక్క వరస మీదే. నాయనమ్మ సంగతి తెలియాలంటే తండ్రి నమూనా ఇవ్వాలి. ఆ డీఎన్‌ఏ చాలా నెమ్మదిగా మారుతుంది కాబట్టి తేలేది ఏ ప్రాంతపు వారసత్వమన్నదే. పేరూ ఊరూ తేలవు.

సయ్యద్ కుటుంబాల విషయం ఇంకా సున్నితం. ఉపఖండంలో సయ్యద్‌లుగా చెప్పుకొనే పురుషుల వై క్రోమోజోమ్‌లపై 2010లో ఒక అధ్యయనం వెలువడింది. చుట్టుపక్కల జనంతో పోలిస్తే వారిలో అరబ్బు మూలాలు ఎక్కువగానే కనిపించాయి. అందరూ దగ్గరి గతంలోని ఒకే పురుషుడి సంతతి అనడానికి మాత్రం ఆధారం దొరకలేదు. ఇది ఏ ఒక్క ఇంటి షజ్రానూ కొట్టేయదు, నిలబెట్టదు కూడా. మూసీ అవతల ఏసీ గార్డ్స్‌లో ఉన్న, ఆఫ్రికా మూలాల సిద్దీలదీ ఇదే కథ. గుజరాత్, కర్ణాటక సిద్దీలపై హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2011లో ప్రచురించిన పరిశోధన వారి పూర్వీకులను ఆఫ్రికాలోని బంటూ భాషల ప్రజలతో కలిపింది. స్థానికులతో కలయిక సుమారు రెండు శతాబ్దాల కిందట మొదలైందని లెక్కగట్టింది. ఒక సమూహపు చరిత్రకు ఇది గొప్ప వెలుగే. ఫలానా ఇంటి ముత్తాత ఏ రేవులో ఓడెక్కాడో ఇందులో ఉండదు.

మరి కొత్త చుట్టాలను వెతికిపెట్టే పరీక్ష? తోబుట్టువుల మధ్య డీఎన్‌ఏ దాదాపు సగం కలుస్తుంది, తల్లిదండ్రుల తోబుట్టువుల పిల్లలతో ఎనిమిదో వంతు. ఇంకో తరం దిగితే మూడు శాతం చిల్లర. కంపెనీలు బంధుత్వాన్ని ఊహించేది ఈ లెక్కతోనే. తెలుగు ఇళ్లలో మేనరికాలు, పాతబస్తీలో చిన్నాన్న పెదనాన్నల పిల్లల మధ్య పెళ్లిళ్లు ఈ లెక్కను తారుమారు చేస్తాయి. రెండు మూడు వైపుల నుంచి చుట్టాలైన ఇద్దరు కంప్యూటరుకు ఉన్నదానికంటే దగ్గరివాళ్లుగా కనిపిస్తారు. పైగా ఆ సంస్థల ఖాతాదారుల్లో అత్యధికులు అమెరికా, ఐరోపా వాళ్లు. హద్రమౌత్‌లోని దాయాది నమూనా ఇవ్వకపోతే ఇక్కడివారికి పోలిక దొరకదు.

ప్రశ్న సూటిగా ఉంటే మాత్రం జవాబూ సూటిగా వస్తుంది. ఒకప్పుడు ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా పనిచేసిన ఎన్.డి. తివారీ పితృత్వ వివాదాన్ని 2012లో తేల్చింది హైదరాబాద్‌లోని డీఎన్‌ఏ పరీక్షల కేంద్రం సీడీఎఫ్‌డీ చేసిన పరీక్షే. అయితే ఇలాంటి జవాబు అడగనివారి ఇంట్లోనూ పడుతుంది. ఒకరు ఉమ్మి పంపితే అన్నదమ్ముల, పినతల్లి పిల్లల గుట్టూ కొంత బయటికి పోయినట్లే. ఇలాంటి పరీక్షలు చేసే 23అండ్‌మీ సంస్థ నుంచి 2023లో సుమారు 69 లక్షల మంది సమాచారం దొంగల పాలైంది. 2025 మార్చిలో ఆ సంస్థే దివాలా పిటిషన్ వేసింది. మన దేశంలో డీఎన్‌ఏ పరీక్షల నియంత్రణకు తెచ్చిన 2019 నాటి బిల్లును కేంద్రం 2023లో ఉపసంహరించుకుంది.

కనుక ముందు ఇంట్లోని పెద్దవాళ్లను అడగాలి. తర్వాత పాత నికానామాలు, సమాధి రాళ్లు, తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్న ఆసఫ్‌జాహీల కాలపు ఫార్సీ, ఉర్దూ దస్తావేజులు చూడాలి. అక్కడ ఒకే ఇంటిపేరున్న రెండు కుటుంబాలు ఒక తాత బిడ్డలా కాదా అన్న చిక్కు మిగిలితే, రెండు వైపుల నుంచీ ఒక్కో మగవాడి అంగీకారంతో వై పరీక్ష చేయించడం డబ్బుకు తగిన పనే. శాతాల పటం కోసమే అయితే ఆ ఖర్చు దండగ.