స్టీరింగ్ సెన్సరూ, మార్చి పారెయ్యమనే మహానుభావులూ

పాత కారు ఉన్నవాడికి సలహాలకి కొదవుండదు. డాష్‌బోర్డులో ఒక పసుపు దీపం వెలిగిందని లంచ్ టేబుల్ దగ్గర నోరు జారామనుకోండి, ఇక చూస్కోండి. ఒకాయన "ఇంకా ఆ బండేనా గురూ, అమ్మి పారెయ్" అంటాడు. ఇంకొకాయన "నడుస్తోంది కదా, ఆ దీపం మీద నల్ల టేపు అంటించు" అంటాడు. నాకీ రెండు వర్గాలతోనూ పేచీయే. మొదటాయనతో డబ్బు దగ్గర, రెండో ఆయనతో ప్రాణం దగ్గర.

దీపం సంగతి ఏంటంటే, మా 2008 మోడల్ సెడాన్‌లో (పేరు చెప్పను, కంపెనీ భక్తులు నొచ్చుకుంటారు) చలికాలం పొద్దున్న పూట స్టెబిలిటీ కంట్రోల్ దీపం వెలగడం మొదలైంది. కారు బొమ్మ కింద రెండు వంకర టింకర గీతలుంటాయి చూడండి, అదే. కోడ్ చదివిస్తే స్టీరింగ్ సెన్సర్ అని వచ్చింది. డీలర్ దగ్గరికి తీసుకెళ్తే, ఆ అబ్బాయి స్క్రీన్ మీంచి తల కూడా ఎత్తకుండా "కాలమ్ మీదుండే అసెంబ్లీ మొత్తం మార్చాలి, 1,180 డాలర్లు, టాక్స్ అదనం" అన్నాడు. ఏం పరీక్ష చేశారు బాబూ అంటే "కోడ్ వచ్చింది కదండీ" అని జవాబు.

సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఈ మాట వినగానే ఒళ్ళు మండాలి. లాగ్‌లో ఎక్సెప్షన్ ఏ మాడ్యూల్లో పట్టుబడిందో ఉంటుంది గానీ, ఎందుకు పుట్టిందో ఉండదు కదా. డేటాబేస్ టైమౌట్ అని ఎర్రర్ రాగానే ఎవరైనా డేటాబేస్ సర్వర్ కొత్తది కొనుక్కొస్తారా? (కొనే మేనేజర్లు లేకపోలేదు, అది వేరే కథ.) కార్లో కోడ్ కూడా అంతే. ఫలానా చోటునుంచి వచ్చిన విలువ నాకు నమ్మబుద్ధి కావట్లేదు అని కంప్యూటర్ పెట్టుకున్న ఫిర్యాదు అది. ఫిర్యాదు రాగానే శిక్ష వేసెయ్యడం ఏ కోర్టులోనూ లేదు.

అసలు "స్టీరింగ్ సెన్సర్" అని అందరూ ఒకే పేరుతో పిలిచేవి నిజానికి రెండు. ఒకటి స్టీరింగ్ ఎంత కోణం తిరిగిందో చెప్పే యాంగిల్ సెన్సర్. రెండోది మీ చెయ్యి ఎంత బలంతో తిప్పుతోందో కొలిచే టార్క్ సెన్సర్. ఈ రెండోది ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ ఉన్న కార్లలోనే తగులుతుంది. మొదటిది పాడైతే స్టెబిలిటీ కంట్రోల్ తనంతట తానే పక్కకి తప్పుకుంటుంది, స్టీరింగ్ మామూలుగానే తిరుగుతుంది. రెండోది పాడైతే మోటారు సాయం ఆగిపోయి, మలుపు మధ్యలో స్టీరింగ్ బండరాయిలా బరువెక్కొచ్చు. 2014 మేలో ఫోర్డ్ కంపెనీ 2008-2011 ఎస్కేప్, మెర్క్యురీ మారినర్ బళ్ళని ఉత్తర అమెరికాలో తొమ్మిది లక్షలకి పైగా వెనక్కి పిలిచింది ఈ టార్క్ సెన్సర్ తగాదా వల్లే. కాబట్టి ఎవరైనా "మా బండికి స్టీరింగ్ సెన్సర్ పోయింది, ఏం పర్లేదా?" అని అడిగితే, ఏ సెన్సరో తెలుసుకోకుండా పర్లేదు అనకండి. స్టీరింగ్ బరువెక్కుతుంటే ఆ బండి రోడ్డు మీద ఉండకూడదు, అంతే.

మాది యాంగిల్ సెన్సర్. పాత హైడ్రాలిక్ స్టీరింగ్ కాబట్టి రెండోది లేనే లేదు. ఈ యాంగిల్ సెన్సర్ పనిచేసే తీరు భలే ముచ్చటగా ఉంటుంది. స్టీరింగ్ ఈ చివర్నుంచి ఆ చివరికి దాదాపు మూడు చుట్లు తిరుగుతుంది. మామూలు సెన్సర్‌కి 360 డిగ్రీలు దాటగానే ఎన్నో చుట్టులో ఉన్నామో తెలీదు. అందుకని చాలా వాటిల్లో కాలమ్ మీది పెద్ద పళ్ళచక్రానికి రెండు బుల్లి చక్రాలు తగిలిస్తారు. వాటి పళ్ళ సంఖ్యలో కాస్త తేడా పెడతారు. ఒక్కోదాని మీద ఒక అయస్కాంతం, ఎదురుగా దాన్ని చదివే చిప్పు. పంచాంగంలో ఒక్క వారం పేరే చెప్తే ఏ రోజో తెలీదు, తిథి కూడా జోడిస్తే తెలిసిపోతుంది కదా, అలాగన్నమాట. రెండు చక్రాల భంగిమల్నీ కలిపి చూస్తే స్టీరింగ్ ఎక్కడుందో, ఎన్నో చుట్టులో ఉందో ఒకేసారి తేలిపోతుంది. ఇంకొన్ని కార్లలో చిల్లుల పళ్ళెం, దానికి అటో లైటు ఇటో రిసీవరు పెట్టే పద్ధతి. ఏదైనా సరే ఆ విలువ క్యాన్ బస్ మీద సెకనుకి చాలాసార్లు బయల్దేరుతుంది. (ఈ క్యాన్‌ని బాష్ కంపెనీ 1986లో లోకానికి చూపించింది. మనం ఇప్పటికీ రోజుకో కొత్త మెసేజింగ్ ప్రోటోకాల్ కనిపెట్టుకుంటూనే ఉన్నాం!)

ఈ విలువ ఎవరికి కావాలంటే, స్టెబిలిటీ కంట్రోల్‌కి. డ్రైవరు ఎటు వెళ్ళాలనుకుంటున్నాడో స్టీరింగ్ కోణం చెప్తుంది, బండి నిజంగా ఎటు తిరుగుతోందో యా సెన్సర్ చెప్తుంది. రెండిటికీ పొంతన కుదరకపోతే బండి జారుతున్నట్టు లెక్క. వెంటనే ఏదో ఒక చక్రానికి మాత్రం బ్రేకు వేసి దారిలో పెడుతుంది. 1995లో మెర్సిడెస్ కారులో మొదలైన ఈ వ్యవస్థ, అమెరికాలో 2012 మోడల్ నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి అయింది. ఆ రూలు పెట్టేటప్పుడు 2007లో అక్కడి రవాణా భద్రతా సంస్థ వేసిన అంచనా ఏంటంటే, ఒంటరిగా అదుపు తప్పి జరిగే ప్రమాదాలు మామూలు కార్లలో 34 శాతం, ఎస్‌యూవీల్లో 59 శాతం తగ్గుతాయని. నల్ల టేపు బాబాయి అతికించేది ఈ 34 శాతం మీద. ఎయిర్‌బ్యాగ్ పీకేసి తిరుగుతావా అంటే అమ్మో అంటాడు, ఇది మాత్రం "చిన్న దీపమే కదా". వాన పడ్డ హైవే మీద ముందు లారీ టైరు పేలిన రోజు తెలుస్తుంది చిన్నో పెద్దో.

సరే, బేరం సంగతికొద్దాం. మా ఊళ్ళో ఒక ముసలి మెకానిక్ ఉన్నాడు, ఇద్దరు పనివాళ్ళతో చిన్న షెడ్డు. ఆయన ముందు బ్యాటరీ వోల్టేజ్ చూశాడు. ఎందుకంటే బ్యాటరీ నీరసపడితే కార్లో ఉన్న ప్రతి మాడ్యూలూ తలా ఒక కోడ్ పడేస్తుంది, వాటిల్లో సగం అబద్ధాలే. తరవాత స్కానర్ పెట్టి లైవ్ డేటా తెరిచాడు. చక్రాలు తిన్నగా ఉన్నప్పుడు కోణం సున్నా దగ్గరుండాలి. లేకపోతే సెన్సర్ బాగానే ఉండి కాలిబ్రేషన్ పోయిందని అనుమానించాలి. ఎలైన్‌మెంట్ చేసినవాళ్ళు సున్నా మళ్ళీ సెట్ చెయ్యకుండా వదిలేస్తే జరిగేది ఇదే. మాది సున్నా బాగానే ఉంది. తరవాత మెల్లగా ఆ చివరిదాకా తిప్పమన్నాడు. అంకె నున్నగా పెరుగుతూ పోవాలి. మాది కుడివైపు ఒకచోటికి రాగానే ఒక్కసారి గెంతి, మళ్ళీ తిరిగొచ్చింది. రెండోసారి తిప్పినా అదే చోట గెంతు. కనెక్టరు కదిపి చూస్తే మార్పేం లేదు. "ఇప్పుడు చెప్తున్నా, సెన్సరే పోయింది" అన్నాడు. మొత్తం ఇరవై నిమిషాల పని. డీలర్ దగ్గర లేనిది యంత్రం కాదు, ఈ ఇరవై నిమిషాలు.

మా బండిలో సెన్సర్ విడిగా దొరుకుతుంది. పార్టుకి 165, కూలీకీ కాలిబ్రేషన్‌కీ కలిపి 190. వెరసి 355 డాలర్లు. డీలరు చెప్పినదాంట్లో మూడో వంతు కన్నా తక్కువే. అన్ని బళ్ళలోనూ ఇలా కుదరదు. కొన్నిటిలో సెన్సర్‌ని క్లాక్ స్ప్రింగ్‌తో కలిపి ఒకే ముద్దగా అమ్ముతారు (స్టీరింగ్ తిరుగుతున్నా ఎయిర్‌బ్యాగుకీ హారనుకీ తీగ తెగకుండా చూసే రిబ్బను చుట్టే ఈ క్లాక్ స్ప్రింగ్). అక్కడ మారుమాట్లాడకుండా ముద్దే కొనాలి. అలా కలిపి అమ్మడం ఇంజనీరింగ్ అవసరమా, వ్యాపార తెలివా అంటే, రెండూ కొంత కొంత అంటాను. జాగా తక్కువ, తీగలు తక్కువ అనేది నిజమే. ఒక బుల్లి పళ్ళచక్రం అరిగితే కస్టమరు చేత పది రెట్లు ఖర్చు పెట్టించొచ్చు అనేదీ నిజమే.

ఈ పనిని సొంతంగా చేసేద్దామా అని అడిగే ఉత్సాహవంతులు మనలో ఎక్కువ. వీడియోలు చూసి మదర్‌బోర్డులు మార్చిన జాతి మనది. నా మటుకు నేను వద్దనే అంటాను. సెన్సర్ దాకా చేరాలంటే ముందు ఎయిర్‌బ్యాగ్ ఊడదియ్యాలి. బ్యాటరీ నెగటివ్ తీగ తీసి, తయారీదారు చెప్పినంతసేపు ఆగాకే ముట్టుకోవాలి, ఎందుకంటే కెపాసిటర్లో ఇంకా కరెంటు మిగిలి ఉంటుంది. అదొక పేలుడు పదార్థం, మీ మొహానికి అడుగు దూరంలో. ఆయిలు మార్చుకోండి, ఫిల్టర్లు మార్చుకోండి, బ్రేకు ప్యాడ్లు కూడా సరే. దీన్ని మాత్రం రోజూ చేసేవాడికి వదిలెయ్యండి. అలాగే, చిల్లుల పళ్ళెం రకం సెన్సర్‌ని విప్పి ఆల్కహాల్‌తో తుడిచి బాగుచేశామనే వాళ్ళున్నారు. దుమ్మే కారణమైతే పనిచేస్తుంది. కానీ రేడియో నాబ్‌ని అలా తుడుస్తాను గానీ, బ్రేకు ఎప్పుడు వెయ్యాలో నిర్ణయించేదాన్ని తుడవను. పాత సామాన్ల యార్డులో సెన్సర్ కొనడం మీదా అదే అభిప్రాయం. తలుపు హ్యాండిలుకి యార్డే స్వర్గం, దీనికి కాదు.

పని అయ్యాక కాలిబ్రేషన్ అనేది అసలు గొడవంతా ఉన్న చోటు. కొత్త సెన్సర్‌కి సున్నా ఎక్కడో నేర్పాలి. కొన్ని కార్లు ఆ చివరికీ ఈ చివరికీ ఒకసారి తిప్పితే తామే నేర్చుకుంటాయి. కొన్నిటికి కంపెనీ సాఫ్ట్‌వేర్ కావాలి. ఆ సాఫ్ట్‌వేర్ డీలరు దగ్గరే ఉంటే, 165 డాలర్ల పార్టు చేతిలో పెట్టుకుని కూడా మీరు ఆయన గుమ్మం ఎక్కాల్సిందే. మసాచుసెట్స్ ఓటర్లు 2012లో బ్యాలెట్ మీద గుద్ది చెప్పింది ఈ తాళం గురించే. 2013లో అక్కడ చట్టం వచ్చింది, 2014లో కంపెనీలు దేశమంతటికీ వర్తించేలా ఒప్పందం రాసుకున్నాయి. మా ముసలాయన షెడ్డులో కూర్చుని కంపెనీ సాఫ్ట్‌వేర్‌కి ఒకటి రెండు రోజుల చందా కట్టి పని కానిస్తున్నాడంటే దాని చలవ కొంత ఉంది.

మన దేశంలోనూ ఈ తగాదా పాతదే. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీల మీద మొత్తం 2,544 కోట్ల పైచిలుకు జరిమానా వేసింది. విడిభాగాలనీ, పరీక్ష చేసే సాధనాలనీ బయటి మెకానిక్కులకి అందకుండా చేస్తున్నారని. కంపెనీలు కోర్టులకెక్కాయి, అది సహజం. బెజవాడ ఆటోనగర్లో ఇంజను పూర్తిగా విప్పి మళ్ళీ బిగించగల చేతులున్నాయి. గేర్ పన్ను అరిగితే చూపుతోనే పట్టేస్తారు. అలాంటి చేతుల్ని ఒక పాస్‌వర్డ్ ఆపుతోందంటే, అది నైపుణ్యం లోటు కాదు. ఆ పాస్‌వర్డ్ రాసేది మనలాంటి వాళ్ళమే అన్న సంగతి కూడా లంచ్ టేబుల్ దగ్గర అన్నాను. టాపిక్ క్రికెట్‌కి మారిపోయింది.

అమ్మి పారెయ్యమన్న పెద్దమనిషికి కూడా లెక్క చెప్పాలి కదా. కొత్త కార్లో కూడా ఇదే సెన్సర్ ఉంటుంది. పైగా లేన్ దాటకుండా చూసే వ్యవస్థ కూడా దాని మీదే ఆధారపడుతుంది, కెమెరాకి వేరే కాలిబ్రేషన్. నెలకి 450 డాలర్ల వాయిదా కట్టి నేను కొనుక్కునేది ఇంకా ఎక్కువ సెన్సర్లనే. తుప్పు ఫ్రేమ్ దాకా పాకిన బండో, గేర్‌బాక్స్ పోయిన బండో అయితే ఆయన మాటకి నేనూ తలాడిస్తాను. 355 డాలర్ల దీపానికి మాత్రం ఆడించను.

దీపం వెలగక ఎనిమిది నెలలైంది. మొన్న టైర్లు మార్చి ఎలైన్‌మెంట్ చేయించినప్పుడు, సున్నా సరిచూడమని కౌంటర్లో అడిగాను. "అది ప్యాకేజీలో లేదండీ, 40 డాలర్లు ఎక్స్‌ట్రా" అన్నారు. కట్టాను.